నాఖుదాను దింపేసిన మధ్యాహ్నం

తిరుగుబాటు అంటే మీకు తుపాకులు, నినాదాలు గుర్తుకొస్తాయేమో. నేను పాల్గొన్న తిరుగుబాటులో ఒక టీ కెటిలు, ఒక తాళంచెవి తప్ప మరేమీ లేవు. చేసినవాళ్ళం ముగ్గురం. ముగ్గురం కూడా మరొకడు మొదలుపెడితే బాగుండునని చూస్తూ నిలబడ్డవాళ్ళమే. గల్ఫ్‌కి పోబోయే పిల్లలు అప్పుడప్పుడు నా అనుభవాలు చెప్పమంటారు కాబట్టి ఇది రాస్తున్నాను. వంట గురించి అడుగుతారనుకుంటే ఎవరూ అడగరు. అందరికీ పడవ కథే కావాలి.

పేర్లు రాయను. కొందరు ఇంకా అక్కడే డ్యూటీలో ఉన్నారు. ఒకాయనకి మాత్రం తన పేరు ఎక్కడైనా కనిపిస్తే, అక్షరాలు సరిగ్గా లేవని కోపం వస్తుంది.

నాది జగిత్యాల వైపు. నేను బహ్రెయిన్ పోయినప్పుడు ఊళ్ళో అందరూ "దుబాయి పోయిండు" అన్నారు, తిరిగొచ్చేదాకా అదే అన్నారు, నేనూ సరిదిద్దలేదు. మామీర్‌లో ఒక కాంట్రాక్టు కంపెనీ క్యాంపులో మెస్సు వంటవాణ్ణి. చుట్టూ ఫ్యాక్టరీలు, షెడ్లు, లారీలు. సముద్రం దగ్గరే ఉన్నా నాకు అది సిత్రా వైపు బస్సులో పోతుంటే కిటికీలోంచి కనిపించే నీలం గీత మాత్రమే.

మా కఫీల్, అంటే మాకు వీసా ఇచ్చిన కంపెనీ యజమాని, మంచి వ్యాపారి. కానీ ఆయన తాతకి ముత్యాల పడవలు ఉండేవట. వయసు పైబడుతుంటే ఆయనకి ఆ పడవల మీద గాలి మళ్ళింది. అచ్చం తాత కాలం నాటిలా ఒక చెక్కపడవ కట్టించాలి, జుఫైర్ హోటళ్ళలో దిగే దొరల్ని ఎక్కించి తిప్పాలి, అదీ ఉత్త తెరచాపతో. ఇంజిన్ పెట్టుకుందామని ఎవరో సలహా ఇస్తే, ఇంజిన్ పెడితే అది పడవ కాదు, నీళ్ళ మీద పోయే బస్సు అన్నాడట. పడవ తయారైంది. దాన్ని నడపడానికి గుజరాత్‌లోని కచ్ వైపు నుంచి ఒక ముసలి నాఖుదాను రప్పించాడు. నాఖుదా అంటే పడవకి కెప్టెన్. మిగతా మనుషుల్ని కంపెనీలోంచే ఏరాడు.

పడవకి వంటవాడు కావాలన్నారు. మెస్సులో మేం నలుగురం ఉండేవాళ్ళం. తక్కిన ముగ్గురూ వెంటనే నడుంనొప్పి, కడుపునొప్పి, పెళ్ళాం ఒప్పుకోదు అని చెప్పేశారు. నాకు ఏ నొప్పి చెప్పాలో తోచేలోపు మీటింగు అయిపోయింది. ఈత వచ్చా అని నన్ను ఎవరూ అడగలేదు. అడిగుంటే నాకు ఈ కథే ఉండేది కాదు.

తాళ్ళు, తెరచాప చూసేందుకు కాకినాడ వైపు అన్న ఒకాయన వచ్చాడు. సిత్రాలో ఇనప గొట్టాలతో మంచెలు కట్టే పని చేసేవాడు. పుట్టింది మత్స్యకారుల ఇంట్లో. వచ్చిన మొదటిరోజే పడవ చుట్టూ ఒకసారి తిరిగి, కొయ్య మీద చెయ్యి కొట్టి, "మా నాన్న ఇలాంటివి ఎన్ని నడిపాడో" అన్నాడు. ఈయన నడిపిందేమో మోటారు బోటు. ఆ తేడా మాకెవరికీ అప్పుడు పట్టలేదు. శుక్రవారం చర్చిలో జరిగే తెలుగు ఫెలోషిప్‌లో పాటలు పాడి వచ్చి, మిగతా వారమంతా పడవలో వాటినే కూనిరాగాలు తీస్తుండేవాడు. నన్ను 'తమ్ముడూ' అనేవాడు. నా యాస వినబడితే చాలు, పక్కకి తిరిగి నవ్వుకునేవాడు. ఆయన "ఏటంటావు" అన్నప్పుడల్లా నేనూ అదే పని చేసేవాణ్ణి.

మూడోవాడు బంగ్లాదేశ్ నుంచి వచ్చిన పెయింటరు. ఎత్తులంటే భయం లేదని, స్తంభం ఎక్కడానికి తీసుకున్నారు. మేం రంగు భాయ్ అనేవాళ్ళం. ఈ లోకంలో అతను భయపడేది నాఖుదాకి ఒక్కడికే.

నాఖుదా సంగతి చెప్పాలి. సన్నటి మనిషి, తెల్లగడ్డం, తలకి ఎప్పుడూ గళ్ళ గుడ్డ. ఎండకి కళ్ళు చికిలించీ చికిలించీ నిద్రలో కూడా అలాగే ఉండేవి. మమ్మల్ని పేర్లతో పిలిచేవాడు కాదు. నేను వంట, అన్న తాడు, భాయ్ రంగు. ఇంకా తాళ్ళు లాగడానికి పాకిస్తాన్ వాళ్ళు ఇద్దరుండేవాళ్ళు. వాళ్ళిద్దరికీ కలిపి ఒకటే పేరు. పడవ మీద ఈల వేయకూడదు. గాలి వస్తుందని ఒక రోజు, గాలి పోతుందని మరో రోజు కారణం చెప్పేవాడు. మొదటి కప్పు చాయ్ ఆయనకే పోయాలి. తాగి, ఇది చాయ్ కాదు, రంగు మారిన వేడినీళ్ళు అనేవాడు. అని రెండో కప్పుకి గ్లాసు చాపేవాడు.

ఆయన నియమాలన్నిటిలోనూ పెద్దది ఫోన్లది. పడవ ఎక్కగానే అందరూ ఫోన్లు తీసి ఆయన రేకుపెట్టెలో వేయాలి. దానికి తాళం, ఆ తాళంచెవి ఆయన మెడలో దారానికి. ఇది ఉత్త చాదస్తం అనుకోకండి. మొదట్లో తాళ్ళు లాగే వాళ్ళలో ఒకడు ఫోన్‌లో క్రికెట్ చూస్తూ తాడు వదిలేస్తే, తెరచాపను మోసే పెద్ద అడ్డకొయ్య వచ్చి నా పొయ్యి మీద పడింది. గిన్నెలన్నీ సొట్టలు. కొంచెం అటు పడి ఉంటే సొట్ట నాకు పడేది. ఆ రోజు నుంచీ పెట్టె, తాళం. అప్పుడు అందరికంటే గట్టిగా తల ఊపింది నేనే.

అలా కొన్ని నెలలు నేర్చుకున్నాం. ఆ పడవలో కష్టమైన పని మళ్ళింపు. గాలిని బట్టి పడవ దిక్కు మార్చాలంటే, స్తంభానికి ఒక పక్కనున్న అడ్డకొయ్యను నిలువుగా లేపి, తెరచాపతో సహా రెండో పక్కకి తిప్పాలి. అందరూ ఒకేసారి కదలాలి. ఒక్కడు ఆలస్యం చేస్తే కొయ్య మధ్యలో ఆగిపోతుంది. నాఖుదా అరుస్తాడు, అన్న ఎదురరుస్తాడు, రంగు భాయ్ పైనుంచి రెండు వైపులా తల ఊపుతాడు. నేను నా బొగ్గుల పొయ్యిని పట్టుకుని కూర్చుంటాను. ఇదీ మా సాధన.

దొరల్ని ఎక్కించే ముందు, మొదటి సవారీ తన మేనత్తతో జరగాలని కఫీల్‌కి కోరిక. ముత్యాల పడవల తాతకి కూతురు ఆవిడ. చిన్నప్పుడు నాన్న పడవలు వెళ్ళేటప్పుడు ఒడ్డున నిలబడి చూసిందే గాని, ఆడపిల్లని ఎవరూ ఎక్కించలేదట. ఇప్పుడు ఎక్కుతానంది. ఆవిడతో పాటు ఇంట్లో పనిచేసే అక్క వచ్చింది. అక్కది కోనసీమ. ఆ ఇంట్లో చాలా ఏళ్ళుగా ఉంది. అరబ్బీ వంటింట్లో నేర్చుకున్నా గడగడా మాట్లాడేది. పెద్దావిడని మామ్మగారు అనేది.

ఆ ఉదయం గాలి హాయిగా ఉంది. మామూలుగా మా వెనకాలే కంపెనీవాళ్ళ మోటారు బోటు ఒకటి తోడు వచ్చేది. కొంత దూరం పోయాక, దాని మోత వింటే మామ్మగారికి ఇంక పాత రోజులేం గుర్తొస్తాయని, నాఖుదా దాన్ని వెనక్కి పంపేశాడు. మోత ఆగిపోయింది. తెరచాప గాలి తాగి నిండుగా ఉబ్బింది. మామ్మగారు కొయ్య అంచుని రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. చాలాసేపటికి అక్కతో ఏదో అంది. అక్క మాకు చెప్పింది: "ఇంత చప్పుడు లేకుండా ఉంటుందని మా నాన్న ఎప్పుడూ చెప్పలేదే అంటున్నారండి."

అది విన్న నాఖుదా మొహం చూడాలి. ఆ క్షణంలో ఆయన్ని ఏమడిగినా ఇచ్చేసేవాడు. మామ్మగారు అడిగింది కూడా. నాన్నగారు ముత్యాలు తీసిన దిబ్బలు దగ్గర్లోనే ఉండాలి కదా, చూడొచ్చా అని. ఆ దిబ్బల్ని అక్కడ ఫష్త్ అంటారు. నీళ్ళ కింద దాక్కుని ఉండే రాతి మెట్టలు. ఆటుకి నీళ్ళు తీసే వేళకి పైకి తేలినంత పని చేస్తాయి. నాఖుదా చుక్కాని అటు తిప్పాడు.

అన్న నా పొయ్యి దగ్గరికి వచ్చి, నీళ్ళ రంగు మారుతోంది తమ్ముడూ, గాలి కూడా వాయవ్యానికి తిరుగుతోంది అన్నాడు. నాకు చెప్పి ఏం లాభం, నాఖుదాకి చెప్పమన్నాను. చెప్పాడు. మామ్మగారి ముందు ఒక తాడు మనిషి తనకి సముద్రం నేర్పడమేమిటని నాఖుదాకి కోపం వచ్చింది. కోపంలో కాస్త ఆలస్యంగా మళ్ళింపుకి కేకేశాడు. షమాల్ అనే ఆ వాయవ్యపు గాలి ఒక్కసారిగా విసిరింది. అందరూ లాగారు, కొయ్య లేచింది, సగంలో స్తంభానికి చిక్కుకుని ఆగిపోయింది. పడవ పక్కకి జరుగుతూ జరుగుతూ పోయి, కింద ఎవరో గుద్దినట్టు ఆగింది. నేనూ, నా పప్పుగిన్నే కలిసి అవతలి పక్కకి పోయి పడ్డాం.

దిబ్బ ఎక్కేశాం.

తెరచాప దించారు. లంగరు వేశారు. నీళ్ళు ఇంకా తీస్తున్నాయి కాబట్టి పడవ కొద్దికొద్దిగా ఒక పక్కకి ఒరుగుతోంది. రంగు భాయ్ కిందికి దిగి చూసి వచ్చి, పలకల సందుల్లోంచి నీళ్ళు వస్తున్నాయన్నాడు. నాఖుదా కూడా దిగి చూశాడు. పైకొచ్చి ప్రశాంతంగా చెప్పాడు: కంగారు లేదు, సాయంత్రానికి నీళ్ళు మళ్ళీ పెరుగుతాయి, పడవ తనంతట తనే తేలుతుంది, అప్పటిదాకా నీళ్ళు తోడుతూ కూర్చోండి.

ఫోన్ చేద్దామన్నాం. వద్దన్నాడు. ఫోన్ చేస్తే ఇంజిన్ బోట్లు వస్తాయి, తాడు కట్టి లాగుతాయి, దిబ్బ మీద లాగితే అడుగుదూలం విరుగుతుంది అన్నాడు. అది నిజమే. చెప్పనిది మరొకటి ఉంది. మొదటి సవారీలోనే మోటారు బోటు వెనకాల కట్టించుకుని రేవుకి చేరిన నాఖుదా అని పేరు పడుతుంది. అది కూడా మాకు అర్థమైంది.

తోడాం. ఎంత తోడినా నీళ్ళు మా కంటే ముందున్నాయి. గాలి పెరిగింది. ఒక్కొక్క అలకి పడవ కొంచెం లేచి మళ్ళీ రాతి మీద కూలబడుతోంది. అలా కూలబడినప్పుడల్లా అక్క కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటోంది, తెరిచి మా ముగ్గురి మొహాలూ చూస్తోంది. చివరికి ఆవిడే అడిగింది.

"ఏవండీ, మీరు ముగ్గురు మగాళ్ళు ఉన్నారు. ఆ ముసలాయన మెళ్ళో తాళంచెవి అడగడానికి ఎంతమంది కావాలి?"

మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. పాకిస్తాన్ వాళ్ళిద్దరూ చాలా శ్రద్ధగా నీళ్ళు తోడటం మొదలుపెట్టారు. చివరికి ముగ్గురం కలిసి వెళ్ళాలని తీర్మానించుకున్నాం. ఉత్త చేతులతో వెళ్ళడం బాగుండదని నేను చాయ్ గ్లాసు పట్టుకెళ్ళాను. మా తిరుగుబాటుకి ఆయుధం అదే.

నాఖుదా చుక్కాని దగ్గర నిలబడి ఉన్నాడు. నేను చాయ్ చాపాను. ఆయన గ్లాసు వంక చూశాడు, మా ముగ్గురి వంక చూశాడు, తీసుకోలేదు. అన్నాళ్ళలో ఆయన చాయ్ వద్దనడం అదే మొదటిసారి. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది.

"చావి ఇవ్వండి, నాఖుదా సాబ్," అన్నాడు అన్న.

"ఎవరు అడుగుతున్నారు?"

ఎవరు అడుగుతున్నారో చెప్పడం చాలా కష్టమైన పని. అన్న నన్ను చూశాడు. నేను రంగు భాయ్‌ని చూశాను. చూసేందుకు రంగు భాయ్‌కి ఎవరూ మిగల్లేదు. పాపం అతను కళ్ళు గట్టిగా మూసుకుని, "మేమంతా," అన్నాడు.

ఆయన కొట్టలేదు, తిట్టలేదు. మెడలోంచి దారం తీశాడు. మాకు ఇవ్వలేదు. ఒరిగిన పడవ మీద జాగ్రత్తగా నడుచుకుంటూ పోయి, తాళంచెవిని మామ్మగారి ఒళ్ళో పెట్టాడు. పనివాళ్ళ చేతికి ఇవ్వను, సవారీ ఎవరిదో వాళ్ళ చేతికే ఇస్తాను అన్నాడు. తర్వాత స్తంభం మొదట్లో బియ్యం బస్తా మీద కూర్చుని, చేతులు కట్టుకున్నాడు. మేం కూర్చోమనలేదు. కానీ కూర్చోబెట్టింది మేమేనని పడవలో అందరికీ తెలుసు.

మామ్మగారు ఏం జరుగుతోందని అడిగింది. అక్క చాలా మర్యాదగా, భోజనానికి ఆలస్యమవుతుందని ఇంటికి ఫోన్ చేస్తారటండీ అని చెప్పిందట. మామ్మగారు ఆ మాట వింటూ నాఖుదా వంక, మా వంక చూసి తాళంచెవి అక్కకిచ్చింది. ఇస్తూ ఒక ప్రశ్న అడిగింది. దాన్ని అక్క మెల్లగా మాకు చెప్పింది.

"పడవ తీసుకున్నారు సరే. మరి ఒడ్డుకి ఎవరు తీసుకెళ్తారు అంటున్నారండి."

అన్న తనేనన్నాడు.

ముందు ఫోన్ చేశాం. కఫీల్‌తో నేనే మాట్లాడాను. బోటు పంపుతున్నాను గాని గాలి చాలా ఉంది, చేరడానికి టైం పడుతుంది, ఈలోపు నాఖుదా చెప్పినట్టు చేయండి, ఒకసారి ఆయనకివ్వు అన్నాడు. నాఖుదా నాకు చేతికందే దూరంలో బస్తా మీద కూర్చుని నన్నే చూస్తున్నాడు. నేను ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టుకుని, నాఖుదా పడుకున్నాడని చెప్పాను. కఫీల్ ఫోన్ పెట్టేశాడు. నా జీవితంలో అంత తెలివితక్కువ జవాబు మళ్ళీ ఇవ్వలేదు.

ఇక అన్న రాజ్యం. పడవ తేలికైతే లేస్తుంది, లేస్తే బయటపడతాం అన్నాడు. వినడానికి చాలా బాగుంది. అడుగున బరువు కోసం వేసిన ఇసుక బస్తాలన్నీ సముద్రంలో పారేశాం. నీళ్ళ డ్రమ్ము పోయింది. నా గిన్నెలు పోయాయి. నాఖుదా కూర్చున్న బియ్యం బస్తా ఒక్కటే మిగిలింది. లేవమని అడగడానికి ఎవరికీ నోరు రాలేదు. లంగరు తీశాం, తెరచాప సగం లేపాం. నాఖుదా అప్పుడు నోరు విప్పాడు. దిబ్బ మీద ఉన్నంతసేపు ఈ పడవ మునగదు, దింపారంటే మునుగుతుంది అన్నాడు. ఆ మాట విని ఉండాల్సింది. కానీ దించేసిన మనిషి మాట వినడం ఎంత కష్టమో దించినవాడికే తెలుస్తుంది.

పెద్ద అల ఒకటి వచ్చింది. పడవ లేచింది, తెరచాప లాగింది, కింద ఏదో ఫెళ్ళున విరిగింది, మేం దిబ్బ దాటి లోతు నీళ్ళలో తేలాం. రంగు భాయ్ చప్పట్లు కొట్టాడు. అన్న నవ్వుతూ వెళ్ళి చుక్కాని పట్టుకున్నాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. అది గిరగిరా తిరిగింది. నీళ్ళలో ఉండాల్సిన పలక దిబ్బ మీదే ఉండిపోయింది.

ఇప్పుడు మాకు తేలే పడవ ఉంది, చుక్కాని లేదు, బరువు లేదు, అడుగున నీళ్ళున్నాయి, గాలి మమ్మల్ని నడిసముద్రం వైపు తోస్తోంది. దిబ్బ మీదైతే కాళ్ళ కింద రాయి అయినా ఉండేది. అన్న తెరచాపని ఒకలా కట్టి చూశాడు, ఇంకోలా కట్టి చూశాడు. మోటారు ఉంటే ఈపాటికి రేవులో ఉండేవాళ్ళం తమ్ముడూ అన్నాడు. అప్పుడు తెలిసింది, వాళ్ళ నాన్నకి వచ్చిన విద్య ఈయనకి రాదని.

అన్నది గొప్ప మనసు. అది ఇప్పటికీ చెప్తాను. ఎవరూ చెప్పకముందే ఆయనే కదిలాడు. నా దగ్గరికి వచ్చి, చాయ్ ఉందా అని అడిగాడు. కెటిల్లో అడుగున ఉన్నది వేడి చేసి ఇచ్చాను. గ్లాసు పట్టుకుని వెళ్ళి నాఖుదా ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. వెనకాల నేనూ భాయ్.

"నా వల్ల కావట్లేదు, సాబ్," అన్నాడు. "మీరే లేవాలి."

నాఖుదా వెంటనే లేవలేదు. మా ముగ్గుర్నీ వరసగా చూశాడు. ఆయన తిడతాడని ఎదురుచూశాను. తిడితే నాకు ఎంతో తేలిగ్గా ఉండేది. గ్లాసు అందుకుని, తాగి, దీంట్లో చక్కెర వేయడం మర్చిపోయావు, వంటా అన్నాడు. లేచి నిలబడ్డాడు.

ఆ తర్వాత ఆయన చేసిన పని నేను ఎప్పటికీ మర్చిపోను. విడిగా పడున్న పొడవాటి కొయ్య ఒకటి వెనకవైపు నీళ్ళలోకి దిగేలా కట్టించి, అన్ననీ పాకిస్తాన్ వాళ్ళిద్దర్నీ దాన్ని పట్టుకుని నిలబడమన్నాడు. అదే చుక్కాని. తెరచాపని తను చెప్పినంతే లేపించాడు. మమ్మల్నందరినీ గాలి వచ్చే పక్కన కూర్చోబెట్టాడు. బరువుకి ఇప్పుడు మేమే బస్తాలం. మామ్మగారు కూడా జరిగి కూర్చుంది. ఈసారి తాడు లాగమంటే అందరం ఒకేసారి లాగాం. కొన్ని నెలల సాధనలో రానిది ఆ మధ్యాహ్నం వచ్చింది.

పడవ మెల్లగా తీరం వైపు తలతిప్పింది. మేమంతా రేవుకే పోతున్నామనుకున్నాం. నాఖుదా వేరే వైపు చూస్తున్నాడు. దక్షిణంగా తీరం వంపు తిరిగిన చోట, నీళ్ళు తీసేసిన బురద నేల మెరుస్తూ కనిపిస్తోంది. అటు పొమ్మన్నాడు. అన్నకి అర్థమై, చేతిలో కొయ్య వదలకుండానే అడిగాడు.

"అక్కడ ఎక్కిస్తే మళ్ళీ లేవదు కదా, సాబ్?"

"లేవదు," అన్నాడు నాఖుదా. "రేవుదాకా ఇది రాదు. పడవ ఇక్కడ పోవాలి. మనుషులు ఇంటికి పోవాలి."

ఉదయం నుంచి ఒక తాడు కట్టించుకోవడానికి ఒప్పుకోని మనిషి ఆయన. ఆ పడవని తన చేత్తో, గాలి పూర్తిగా తెరచాపలో ఉండగా, తిన్నగా ఆ బురద మీదికి తోలాడు. అడుగుదూలం విరిగిన చప్పుడు మేమంతా కాళ్ళతో విన్నాం. ఆయన ఒక చెయ్యి స్తంభం మీద పెట్టుకుని ఉన్నాడు. చెయ్యి తీయడానికి కొంచెం టైం పట్టింది.

మోకాటిలోతు నీళ్ళలో దిగాం. ఈత రాదని అన్నాళ్ళూ భయపడిన నేను సముద్రంలోంచి నడుచుకుంటూ ఒడ్డుకి వచ్చాను. మామ్మగారిని నేనూ అన్నా చేతులు కలిపి పల్లకీలా మోశాం. దారిలో ఆవిడ నా భుజం తట్టి ఏదో చెప్పింది. ఏమన్నారని అక్కని అడిగితే, "మెల్లగా నడవమంటున్నారండి, ఇది మళ్ళీ దొరకదంట," అంది. అందరం ఇసుక మీద కూర్చుని బట్టలు పిండుకుంటుండగా కఫీల్ పంపిన బోటు దూరంగా కనిపించింది. దాన్ని చూసి రంగు భాయ్ చెయ్యి ఊపాడు, బంధువులకి ఊపినట్టు.

కొన్నాళ్ళకి కఫీల్ అందర్నీ ఇంటికి పిలిచాడు. ఆ పెద్ద గదిలో గోడ వెంబడి కూర్చోబెట్టాడు. మా ముగ్గురికీ వీసా క్యాన్సిల్ అనే మాట అప్పటికే క్యాంపులో తిరుగుతోంది. సామాన్ సర్దుకున్నావా అని నన్ను అడిగినవాళ్ళున్నారు. అడగకుండా నా మంచం మీద కన్నేసినవాళ్ళూ ఉన్నారు. మరోవైపు నాఖుదా తోడు బోటుని పంపేశాడు, ఫోన్లు తాళం పెట్టాడు. మేం నోరు విప్పితే ఆయన ఇంక ఏ పడవా ఎక్కడు. ఆయన నోరు విప్పితే మేం ఇంక ఏ పనీ ఎక్కం. అందుకని ఆ గదిలో ఎవరూ నోరు విప్పలేదు.

కఫీల్ హిందీలో నాఖుదానే అడిగాడు, ఫోన్ చేసినప్పుడు నువ్వు పడుకున్నావా అని. నేను కార్పెట్ మీద పూలు చూస్తున్నాను.

"పడుకోలేదు. కూర్చున్నాను," అన్నాడు నాఖుదా.

"పడవ దిబ్బ మీద ఉంటే నువ్వెందుకు కూర్చున్నావు?"

"అది పడవలో జరిగిన మాట. ఒడ్డు మీద చెప్పను."

కఫీల్ మా వైపు తిరిగాడు. అన్న తల దించుకున్నాడు. రంగు భాయ్ మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. ఇతను "మేమంతా" అనేస్తాడని నా గుండె ఆగినంత పనయింది. అప్పుడు లోపలి గుమ్మం దగ్గర కుర్చీలో ఉన్న మామ్మగారు మాట్లాడింది. కోపంగా కాదు, మేనల్లుడికి వంట సంగతి చెప్పినట్టు చెప్పింది. కఫీల్ వింటూ వింటూ గడ్డం నిమురుకున్నాడు. అక్క మా పక్కకి వచ్చి, గొంతు తగ్గించి, మాట మాటా చెప్పింది.

"ఈయన్ని రెండుసార్లు నాఖుదాని చేశారట. మొదటిసారి నువ్వు చేశావు, రెండోసారి వీళ్ళు చేసుకున్నారు. నన్ను ఒడ్డుకి తెచ్చింది రెండోసారి నాఖుదా. ఇంకేం అడుగుతావు అంటున్నారండి."

కఫీల్ ఇంకేమీ అడగలేదు. గహ్వా, అంటే అరబ్బీ కాఫీ, తెప్పించాడు. చిన్న కప్పులు అందరికీ వచ్చాయి, మా ముగ్గురితో సహా. ఖలాస్, అయిపోయింది అని చేతులు దులుపుకుని, లోపలికి వెళ్ళిపోయాడు. ఎవరి వీసా కదల్లేదు.

బయటికి వచ్చి చెప్పులు తొడుక్కుంటున్నాం. అన్న క్షమాపణ లాంటిదేదో మొదలుపెట్టబోయాడు. నాఖుదా తల గుడ్డ బిగించుకుంటూ మధ్యలోనే ఆపేశాడు. బురదలో ఆ పడవ ఎండలో పగులుతోంది, మంచి టేకు, రేపు పొద్దున ముగ్గురూ వచ్చి మేకులు పీకండి, పలకలు నీడకి చేరుద్దాం అన్నాడు. అది మా డ్యూటీ కాదు. ఆయన మాకు నాఖుదా కూడా కాదు, పడవే లేదు కాబట్టి.

పొద్దున ఆయన కంటే ముందే మేం ముగ్గురం అక్కడ ఉన్నాం.